నడుమ పడ్డ బంతి

కర్నూలు స్టేషన్, 1955

కోడలు నాగలక్ష్మమ్మకు మామ తిమ్మయ్య దీవెనలు. ఈ కార్డు రాయకూడదనే అనుకున్నాను గాని, నాకేమీ పాలుపోవడం లేదు. టెన్నిసు జోడీ ఆటలో ఇద్దరి నడుమ పడ్డ ప్రతి బంతినీ నీ కూతురు కమలాక్షి తన జోడీ హైమావతమ్మకే వదిలేసింది. ఓడిపోయారు.

"నువ్వెందుకు కొట్టవే?" అని ఆమె అరిచింది.

"పెద్దోళ్లు మీరుండంగా నేనెట్ల కొడతానక్కా?" అనింది మన అమ్మి.

పెద్దల కంటే ముందు నీళ్లచెంబైనా ఎత్తొద్దని నేర్పింది నేనే. నాకు మా తాత బెత్తంతో నేర్పాడు, అది వేరే కథ. ఇప్పుడు పిల్లను మెచ్చుకోవాలో తిట్టాలో తెలియడం లేదు. మద్రాసు పందేలకు పిల్లను జోడీగా తీసుకుపోతానన్న హైమావతమ్మ ఇప్పుడు ఆ ఊసే ఎత్తడం లేదు. ఎర్రావు ఈనిందా? శనక్కాయలు ఎండబెట్టించు. అందరినీ అడిగినట్టు చెప్పు.

ఇంతవరకు రాసేసరికి హైమావతమ్మ మద్రాసుకు మూడు టికెట్లు తెచ్చింది. రైల్లోకి కమలాక్షిని ముందు ఎక్కించి, నన్ను ఆఖరున ఎక్కమంది.