ముందుపన్ను, మూతపడని నోరు

జూలై 4
మినోరి పన్ను ఊడింది. పోయిన వారం నేను అతికించిన ముక్కే. స్కూలు బ్యాండులో ట్రంపెట్ ఊదే పిల్ల, స్టేషన్ మెట్ల మీద పడి ముందుపన్ను సగం విరగ్గొట్టుకుంది. ఈ రోజు ఆ ముక్కను టిష్యూలో చుట్టి తెచ్చి, నడుం వంచి, తప్పు నాదేనండి డాక్టరుగారూ, గట్టిగా ఊదేశాను, అంది. ట్రంపెట్ ఉన్నది ఊదడానికే కదా! ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు.
మళ్ళీ అతికించాను.

జూలై 9, మధ్యాహ్నం
ఊడింది.

జూలై 9, సాయంత్రం
ఊడిన ముక్కను లెన్స్ కింద పెట్టి చూశాను. వెనకవైపు నున్నగా మెరుస్తోంది. అంటే అది అసలు అంటుకోనే లేదు. ఉమ్మి తగిలింది. ఆసిడ్ పెట్టి కడిగి ఆరబెడితే పన్ను సుద్దలా తెల్లబడుతుంది. దాని మీద కాస్త ఉమ్మి పడితే కంటికి కనిపించని పొర కట్టేస్తుంది, ఆపైన ఎంత మంచి బాండ్ పూసినా దండగే. ఇది కాలేజీలో మొదట చెప్పే పాఠం. దూది పెట్టాను, ఉమ్మి లాగే సక్షన్ పెట్టాను, బాండ్ జిగురు సీసా కూడా కొత్తదే. మరి ఉమ్మి ఎక్కడినుంచి వచ్చి చచ్చింది?
పన్నుకు ఉమ్మి తగలకుండా అడ్డుకునే రబ్బరు డ్యామ్ తెప్పించమని ఉషిజిమా సార్‌ని అడిగాను. క్లినిక్ ఆయనది. ఆ రబ్బరు తొడుగు నోటికి బిగిస్తే పేషెంట్లు పారిపోతారమ్మా, ఇన్నేళ్ళుగా నా చేతిలో ఊడనిది నీ చేతిలో ఎందుకూడుతోందో చూసుకో, అన్నాడు. పైగా, ఏం చేసినా పేషెంటుకు ముందు చెప్పి చెయ్యి, అది మన క్లినిక్ మర్యాద, అని సలహా. చెప్పే చేస్తున్నాను మహాప్రభో! గాలి కొడతానంటాను, నీళ్ళు వస్తాయంటాను, మందు పూస్తానంటాను. నోరు నొప్పెట్టేలా చెబుతున్నాను.

జూలై 15
మూడోసారి అతికించాను. వాళ్ళమ్మ కూడా వచ్చింది. మళ్ళీ ఊడితే సోలో నావో అనే ఇంకో పిల్లకి ఇచ్చేస్తానని బ్యాండు మాస్టారు చెప్పాడట. పోటీ ఆగస్టు మూడున. ఆవిడ నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. మీకు శ్రమ ఇస్తున్నామండి, అంది.

జూలై 19
ఊడింది. నేను ఈ పనికి పనికిరాను.

జూలై 22
లంచ్ టైములో సార్ నా పళ్ళు క్లీన్ చేశాడు. స్టాఫ్ అందరికీ ఆయనే చేస్తాడు. గాలి కొడతానమ్మా, అన్నాడు. సరేనన్నట్టు ఆయ్, అన్నాను. నీళ్ళు వస్తాయి, అన్నాడు. ఆయ్. అప్పుడు తెలిసింది. నోరు తెరుచుకుని ఆయ్ అన్న ప్రతిసారీ నాలుక లేచి ముందుపన్నును నాకుతోంది, పెదవి జారి దాని మీద పడుతోంది. దిగ్గున లేచి కూర్చున్నాను. నొప్పా అమ్మా, అని ఆయన కంగారు.
మందు పూస్తున్నానమ్మా, అని నేను ట్రే వైపు తిరుగుతాను. నా వెనక మినోరి ఆయ్ అంటుంది. ఎంత పద్ధతైన పిల్ల! ఒక్క మాటకూ జవాబివ్వడం మానలేదు. పన్నుకు ఉమ్మి పూయించింది నేనే.
ఈసారి నేను నోరెత్తకుండా పని చేస్తానని సార్‌తో అన్నాను. పిల్ల హడలిపోయి కంప్లైంట్ ఇస్తే నీదే బాధ్యత, అన్నాడు. నాదే, అన్నాను.

జూలై 23
మొదలుపెట్టకముందే అంతా చెప్పాను. లైట్ ఆర్పేదాకా నేను మాట్లాడను, నువ్వూ పలకకు. మర్యాదగా ఉండదేమోనండీ, అంది. ఉండకపోనీ, అన్నాను.
ఆసిడ్. నీళ్ళు. గాలి. సుద్ద తెలుపు. మాట గొంతుదాకా వచ్చింది, మింగేశాను. మినోరి గుప్పిళ్ళు బిగించుకుని పడుకుంది. నా చెయ్యి కదిలినప్పుడల్లా కళ్ళు ఆర్పింది. ఆయ్ అన్నమాట.
సార్ తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయాడు.

జూలై 29
ఫోన్ మోగితే చాలు, మినోరి వాళ్ళమ్మేమోనని పరిగెడుతున్నాను.

ఆగస్టు 3
సోలో మినోరే ఊదింది. చివరిదాకా. ట్రంపెట్ దించి నవ్వింది. ఉంది.
వీళ్ళలో మీ అమ్మాయి ఎవరండీ, అని పక్కసీటావిడ అడిగింది. ఆ ముందుపన్ను నాది, అన్నాను.