వసంత పక్కన ఆరడుగులు

తెలకపల్లి వాస్తవ్యుడు, కీ.శే. బాలస్వామి కుమారుడు చింతల ఏసన్న అను నేను, డెబ్బై రెండేళ్ళ వయసులో ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా. మోకాళ్ళు పోయాయి గానీ బుద్ధి నిలకడగానే ఉంది. ఎవరి బలవంతమూ లేదు. దీన్ని అమలు చేసే బాధ్యత నా కూతురు అమూల్యది.

1. నా స్వార్జితమైన ఇల్లు, పడమటి చెలక నా తదనంతరం అమూల్యకు సర్వహక్కులతో చెందాలి. నా తమ్ముడు భానుప్రకాశ్‌కు గుంట భూమి కూడా లేదు. నేను జడ్పీటీసీగా ఉన్నన్నాళ్ళూ నా కారు ముందు సీటు వాడిదే. పదవి పోయాక నా ఫోన్ ఎత్తలేదు.

2. నా శవం మీద పార్టీ కండువా కప్పరాదు. సువార్త సభల్లో మేం నలుగురం పాడుతుంటే విని, నా గొంతు ఓట్లు తెస్తుందని పార్టీవాళ్ళే ఇంటికొచ్చారు. ఊరూరా మైకు ముందు అరిపించారు. గొంతు జీరపోయాక ఇంకొకణ్ణి తెచ్చుకున్నారు.

3. హార్మోనియం మా పాటల జట్టులోని దశరథానికి. వాడికి వాయించడం రాదు, కానీ సభలకు పోయినప్పుడల్లా దాన్ని బస్సు మీదికి ఎక్కించింది వాడే. కంజీర మా జట్టు ఈరన్న మనవరాలు అశ్వినికి. ఆ పిల్ల కంచం మీద తాళం వేస్తుంటే విన్నాను, బాగుంది.

4. నన్ను చర్చి సమాధుల స్థలంలో, నా భార్య వసంత పక్కన పెట్టాలి. పాస్టరుగారు కుదరదంటున్నారు. నేను గెలిచిన సీటు ఎస్సీ రిజర్వు. క్రైస్తవుడికి ఆ సర్టిఫికెట్ చెల్లదని ఓడినవాడు ఫిర్యాదు చేశాడు. విచారణలో నేను బాప్తిస్మమే తీసుకోలేదని, కూలికి పాడానని చెప్పాను. పాస్టరుగారు సంఘంలోంచి నా పేరు కొట్టేశారు. మా వాడలో సగం మందికి ఇంట్లో బైబిలు, సర్టిఫికెట్లో హిందువు. కొట్టేసింది మాత్రం నా ఒక్కడి పేరే. వసంత ఆ తర్వాత చనిపోయేదాకా నాతో కలిసి ప్రార్థన చేయలేదు. అయినా నాకు దాని పక్కనే చోటు కావాలి. నా బాప్తిస్మం కళ్ళారా చూసినవాళ్ళు సంఘం ముందు చెబితేనే గొయ్యి తవ్వనిస్తారట. బాప్తిస్మమిచ్చిన అయ్యగారు లేరు. దశరథం, ఈరన్న అప్పటికి మా జట్టులో చేరలేదు.

5. మా జట్టులో కింది స్వరం పాడిన కురుమూర్తికి ఏమీ రాయడం లేదు. విచారణలో నా పదవి పోగొట్టింది వాడే. "ఏసన్న అబద్ధమాడుతుండు సారూ. దుందుభి వాగుల మునిగి లేచినంక నేనే చెయ్యి పట్టి ఒడ్డుకు తెచ్చిన" అన్నాడు. బతికుండగా నేను వాడి గడప తొక్కను. నేను పోయాక అమూల్య వెళ్ళి, సమాధుల దగ్గరికి వాణ్ణి తీసుకురావాలి. ఆ రోజు విచారణ సారు ముందు చెప్పిన మాటే పాస్టరుగారి ముందు ఇంకోసారి చెప్పమనాలి.

తెలకపల్లి, 14 నవంబరు 2024.

(సంతకం) చింతల ఏసన్న

ఆయన మా ఎదుట సంతకం చేయగా చూసిన సాక్షులు:
నాగార్జున, ఆర్‌ఎంపీ
కాంతమ్మ, ఎదురింటి నివాసి