రత్నం పేరు కొట్టేసిన సంగతి

25 ఆగస్టు 1987, మంగళవారం

నేను చెప్తాను, కృపమ్మ రాస్తుంది. చెప్పింది చెప్పినట్టు రాయాలి. కృపమ్మ ముప్పై ఏళ్లు మిషన్ స్కూల్లో పంతులమ్మ చేసి రిటైరయింది. ఎవరు మాట్లాడినా దిద్దడం దాని అలవాటు. దిద్దేవంటే నోట్‌బుక్కు లాక్కుంటానన్నాను. లాక్కుని ఏం చేస్తావొదినా, నీకు చదవడం రాదు కదా అంది. పొయ్యిలో పెడతానన్నాను. అప్పుడు కుదురుగా కూర్చుంది.

నా పేరు ఎలీసమ్మ. అంబాజీపేట పక్కన మా పేట. డెబ్భై దాటేయి, ఎన్ని దాటేయో లెక్కలేదు. కొబ్బరికాయలు ఒలిచి బతికేను. నా కూతురు సుందరమ్మ పోయింది. దాని పిల్ల జీవరత్నం నా చేతిలో పెరిగింది. అమలాపురం కాలేజీలో బీఎస్సీ మేథ్స్, రెండో సంవత్సరం.

కాలేజీలో కంప్యూటర్ సొసైటీ అని ఒకటుంది. అందులోంచి మా రత్నం పేరు కొట్టేసేరు. పేరు కొట్టేస్తే ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, ఏ రోజు ఏం జరిగిందో తేదీలు వేసి రాసివ్వాలి. ఇది వాళ్ల రూలు పదకొండు. అందుకే ఈ రాత.

26 ఆగస్టు, బుధవారం

సొసైటీ అంటే ఏంటో చెప్తాను.

కాలేజీకి రెండు కంప్యూటర్లొచ్చేయి. పిల్లలు మూడొందల మంది. యూనివర్సిటీవాళ్లు ఆనర్ సొసైటీ అని పెట్టి, అమలాపురానికి ఒక చాప్టర్, అంటే కొమ్మలాంటిది, ఇచ్చేరు. మార్కుల్ని బట్టి పది మందిని తీసుకున్నారు. ఆ పది మందే మిషన్ ముట్టుకోవాలి. మిగతావాళ్లు కిటికీలోంచి చూడాలి. పది మందిలో మా రత్నం మూడోది. ఏ పేట పిల్లో చూసి ఇచ్చింది కాదు, మార్కులు చూసి ఇచ్చింది. ఇది గట్టిగా రాయమన్నాను. పెన్నుతో గట్టిగా ఎలా రాయనొదినా అంది. కింద గీత పెట్టమన్నాను. పెట్టింది.

సెప్టెంబరు ముప్పైకి ఆ పేర్లు యూనివర్సిటీకి వెళ్తాయి. వెళ్లిన పేరుకి డిగ్రీ అయ్యాక అక్కడ కంప్యూటర్ కోర్సులో సీటు. కొట్టేసిన పేరుకి ఏమీ లేదు.

రూల్సు పద్నాలుగు. ఇంగ్లీషులో ఉంటాయి. రత్నం రోజూ సాయంత్రం తెలుగు చేసి చదివేది. కీర్తనలు ఎలా నోటికొచ్చేయో నాకు అవీ అలాగే వచ్చేసేయి. రూలు ఏడు: వరసగా మూడు మీటింగులకి ముందుగా తెలియజెయ్యకుండా రాకపోతే పేరు కొట్టెయ్యాలి. రూలు ఎనిమిది: కొట్టేసేముందు సంరక్షకుల్ని పిలిచి అడగాలి.

సంరక్షకురాలు నేను.

27 ఆగస్టు, గురువారం

ఇవాళ నేను చేసిన పని చెప్పాలి. కృపమ్మకి టీ ఇచ్చేను. నేను తాగలేదు.

మీటింగులు మొదట శనివారాలుండేవి. జూలైలో ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి మార్చేరు. ఆదివారమైతే కరెంటు నిలబడుతుందట. ఆదివారం తొమ్మిదింటికి మాకు ఆరాధన. గుళ్లో హార్మోనీ రత్నమే వాయించాలి. మీటింగుకి వెళ్తానంది. కాళ్లు విరగ్గొడతానన్నాను. జూలై పంతొమ్మిది, ఆగస్టు రెండు, ఆగస్టు పదహారు. మూడూ పోయేయి.

మొన్న శనివారం, ఇరవై రెండో తారీకు, నన్ను రమ్మన్నారు. బస్సెక్కి వెళ్లేను. కంప్యూటర్ గది బయట చెప్పులు విప్పమని బోర్డుందట. నాకు చెప్పుల్లేవు. కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని వెళ్లేను. సూర్యారావు గారని లెక్కల లెక్చరరు, సొసైటీకి పెద్ద ఆయనే. సెక్రటరీ వీరవెంకటరమణ, మూడో సంవత్సరం కుర్రాడు. వాళ్ల నాన్నగారి తోటలో ఇరవై ఏళ్లు కాయ ఒలిచేను. ఆ పిల్లాడు తప్పటడుగులు వేస్తుంటే చూసినదాన్ని. నన్ను చూసి తల దించుకున్నాడు.

సూర్యారావు గారు మర్యాదగానే అడిగేరు. కూర్చోండమ్మా అన్నారు. పిల్ల ముందుగా చెప్పిందో లేదో తేలడం లేదండీ, మీకేమైనా తెలుసా అన్నారు.

ఇక్కడ మా గుడి సంగతి చెప్పాలి. మా దగ్గర ఎవరిమీదైనా మాటొస్తే వాణ్ణి బల్ల నించి ఆపుతారు. రొట్టె ఇవ్వరు, ద్రాక్షరసం ఇవ్వరు. అప్పుడు వాడు ఆదివారం అందరి ముందూ లేచి తప్పయిపోయిందనాలి. చేసేడా లేదా అని ఎవరూ తవ్వరు. వాదించినవాడు ఆరు నెలలు బయట. ఒప్పుకున్నవాడు ఆ పూటే లోపల. ఏసుదాసు కల్లు ముట్టకుండానే తాగేనని ఒప్పుకున్నాడు. ఆ వారమే రొట్టె తిన్నాడు. నాకు తెలిసిన న్యాయం అది.

నేను కూర్చోలేదు. చేతులు జోడించేను. చెప్పకుండానే మానేసింది బాబూ, తప్పయిపోయింది, నా మొహం చూసి క్షమించండి అన్నాను. ఏడ్చేను. కావలసిన దానికంటే ఎక్కువే ఏడ్చేను. రత్నం గోడ దగ్గర నిలబడి అమ్మమ్మా అంది. చెయ్యి ఊపి ఊరుకోమన్నాను.

ఇంక లోపలికి తీసుకుంటారనుకున్నాను. రమణ మినిట్స్ పుస్తకంలో రాసేడు, సంరక్షకురాలు ఒప్పుకున్నారు అని. నా వేలిముద్ర వేయించేరు. పేరు కొట్టేసేరు.

బయటికొచ్చాక రత్నం చెప్పింది. మూడుసార్లూ బస్టాండులో రమణతో చెప్పిందట, ఆదివారం గుడి ఉంది, రాలేనని. నోటిమాటే. రూలులో తెలియజెయ్యాలనే ఉంది, రాసివ్వాలని లేదు. రమణ గుర్తులేదన్నాడట. అనుమానం ఉంది కనక ఈసారికి వదిలేద్దామని సూర్యారావు గారు అంటుండగా నేను లోపలికొచ్చేనట.

తిరుగు బస్సులో రత్నం నా పక్కన కూర్చోలేదు. సీటు ఖాళీగానే ఉంది.

28 ఆగస్టు, శుక్రవారం

రత్నం అమలాపురంలో హాస్టల్లో చేరిపోయింది.

30 ఆగస్టు, ఆదివారం

హార్మోనీ పెట్టె మూసే ఉంది. గుళ్లో పాడే నతానియేలు హార్మోనీ లేకుండానే పాట ఎత్తుకుని సగంలో వదిలేసేడు. బయటికొస్తుంటే బుల్లెమ్మ, నీ మనవరాల్ని కంప్యూటరు మింగేసిందా ఏంటక్కా అంది. నీ నోటిని మాత్రం ఏ మిషనూ మింగలేదులే అన్నాను. అందరూ నవ్వేరు. ఇంటికొచ్చాక ఆ మాట చెప్పడానికి ఎవరూ లేరు.

2 సెప్టెంబరు, బుధవారం

ఇది అప్పీలుకి పనికిరాదు, అయినా రాయమన్నాను. సాయంత్రం దీపం పెట్టి, రూల్సు ఒకటి నించి పద్నాలుగు దాకా గట్టిగా చెప్పుకున్నాను. తొమ్మిదో రూలు దగ్గర తడబడ్డాను. ఎదురుగా వినేవాళ్లు లేకపోతే తప్పు పోయిందో లేదో తెలీడం లేదు. మళ్లీ మొదటి నించి చెప్పుకున్నాను.

5 సెప్టెంబరు, శనివారం

హాస్టలుకి వెళ్లేను. కొబ్బరి ఉండలు పట్టికెళ్లేను. ఇవాళ చూసే రోజు కాదని మేట్రను గేటు దగ్గరే ఆపింది. మేడమీద రత్నం కనిపించింది. తల తుడుచుకుంటోంది. నన్ను చూసింది. కిందికి రాలేదు. దాని క్లాసు పిల్ల అన్నపూర్ణని పంపింది. అన్నపూర్ణ కూడా సొసైటీలో మెంబరే. అండీ అండీ అంటూ చాలాసేపు నీళ్లు నమిలింది. అప్పీలు వద్దంటోందండీ, మీరింక కాలేజీకి రావద్దంటోందండీ, ఏమీ అనుకోకండీ అంది. మెత్తగా చెప్పినా మాట అదే.

ఉండలు అన్నపూర్ణకి ఇచ్చేను. ఎవరు తిన్నారో తెలీదు.

9 సెప్టెంబరు, బుధవారం

కృపమ్మ ఇప్పటిదాకా రాసిందంతా చదివింది. చదివి, వదినా, ఇది నిలబడదు అంది. నీ వేలిముద్ర వాళ్ల పుస్తకంలో ఉంది. ఆ రోజు నువ్వు చెప్పింది అబద్ధమని నీ నోటితోనే ఒప్పుకుంటే తప్ప అప్పీలు లేదు అంది.

నలభై ఏళ్లలో నన్ను బల్ల నించి ఎవరూ ఆపలేదు. నోరు ఎక్కువన్నారు, మొండిదన్నారు. అబద్ధాలకోరు అని మాత్రం ఎవరూ అనలేదు. కృపమ్మని ఇంటికి పొమ్మన్నాను.

14 సెప్టెంబరు, సోమవారం

అయిదు రోజులు రాయలేదు. కృపమ్మ గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయింది. ఇవాళ నేనే వెళ్లి పిలుచుకొచ్చేను. బతిమాలలేదు. నోట్‌బుక్కు నీ దగ్గర ఉండిపోయిందన్నాను, అంతే.

పొద్దున్న వీరవెంకటరమణ ఇంటికి వెళ్లేను. కొట్లో కొబ్బరి లారీకి ఎత్తిస్తున్నాడు. బాబూ, మా పిల్ల నీకు చెప్పిందా లేదా అన్నాను. మీరే ఒప్పుకున్నారు కదండీ మామ్మగారూ అన్నాడు. నేను నాకు తెలియనిది ఒప్పుకున్నాను, నువ్వు నీకు తెలిసి ఊరుకున్నావు, ఇద్దరం ఒకటే అన్నాను. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. ఈలోపు వాళ్ల నాన్నగారు వచ్చి, ఏంటి ఎలీసమ్మా, మళ్లీ పనికొస్తావా అన్నారు. ఆయ్, మీ అబ్బాయిగారి చదువు ఎలా సాగుతోందో అడుగుతున్నానండీ అన్నాను. రమణ నన్ను రోడ్డు దాకా సాగనంపేడు.

15 సెప్టెంబరు, మంగళవారం

రాయి కృపమ్మా. ఆగస్టు ఇరవై రెండో తారీకున నేను అబద్ధం చెప్పేను. పిల్ల ఎవరికి చెప్పిందో ఎవరికి చెప్పలేదో నాకు ఆవగింజంత తెలీదు. ఏడిస్తే జాలిపడతారని ఏడ్చేను. ఏడ్చింది కూడా అబద్ధంలో భాగమే.

కృపమ్మ కావలసిన తేదీలూ ఈ ఒప్పుకోలూ మాత్రం వేరే కాగితాల మీద ఎత్తి రాసింది. వేలిముద్ర వేసేను. పోస్టులో వద్దని తనే పట్టికెళ్లి సూర్యారావు గారి చేతికిచ్చి వచ్చింది. మిగిలిందంతా ఈ నోట్‌బుక్కులోనే ఉంటుంది.

20 సెప్టెంబరు, ఆదివారం, సాయంత్రం

అప్పీలు ఇవాళ విన్నారు. తొమ్మిదింటికే. ఆరాధన మానేసి వెళ్లేను. కృపమ్మ సంచీ పట్టుకుని నా వెనకాల నిలబడింది.

పది మందీ ఉన్నారు. రత్నం గోడ దగ్గరే ఉంది, ఆ రోజు నిలబడ్డ చోటే. సూర్యారావు గారు నా కాగితం పైకి చదివేరు. అబద్ధం అన్న మాట దగ్గర ఆగి, ఇది మీ మాటేనా అమ్మా అన్నారు. నాదేనండీ అన్నాను. ఈసారి ఏడవలేదు. మరి ఏ రోజు చెప్పింది నమ్మమంటారండీ అన్నారు. నన్ను నమ్మక్కర్లేదండీ, ఆ బాబుని అడగండి, వాళ్ల నాన్నగారి మీద ఒట్టూ పట్టూ వద్దు, ఊరికే అడగండి అన్నాను.

రమణ లేచేడు. చాలాసేపు పుస్తకం అంచు గీకేడు. చెప్పింది సార్, మూడుసార్లూ చెప్పింది, రాసుకోవడం మర్చిపోయేను, మామ్మగారు ఒప్పుకున్నాక ఇంక ఊరుకున్నాను అన్నాడు. పాపం అనిపించింది. ఎందుకనిపించిందో తెలీదు.

సూర్యారావు గారు రాయించేరు. జీవరత్నం పేరు మళ్లీ చేర్చాలి. ఇకమీదట రాలేనివాళ్లు కాగితం మీదే తెలియజెయ్యాలి. మూడోది నా గురించి. సంరక్షకురాలు ఒకసారి ఒకలాగ, ఇంకోసారి ఇంకోలాగ చెప్పేరు కనక ఆవిడ మాట ఇక చెల్లదు. ఆవిడ మీటింగు గదిలోకి రాకూడదు. మెంబరు ఇంకో సంరక్షకుల పేరు చెప్పాలి. మీమీద నాకేం కోపం లేదమ్మా, పుస్తకంలో రెండు మాటలుండకూడదు అన్నారు.

రత్నాన్ని అడిగేరు. అది నా వైపు చూడలేదు. కృపమ్మ పేరు చెప్పింది.

కృపమ్మకి పెన్నిచ్చేరు. సంచీ నేను పట్టుకున్నాను. సంతకం పెట్టింది.

ఇది రాస్తున్నది ఆ చెయ్యే. రాయలేనొదినా, ఇక్కడితో ఆపేద్దాం అంటోంది. రాయాలి. నీ సంతకం చాలా బాగుంది కృపమ్మా. నేను తలకిందులుగా చూసినా బాగానే ఉంది. ఇదీ రాయి.

23 సెప్టెంబరు, బుధవారం

రత్నం రాలేదు.

30 సెప్టెంబరు, బుధవారం

పేర్లు ఇవాళ యూనివర్సిటీకి వెళ్లేయి. అన్నపూర్ణ బస్సు కండక్టరుతో కబురు పెట్టింది. మూడో పేరు మనదేనట. కండక్టరు అంబాజీపేట సెంటర్లో అందరూ వినేలా కేకేసి చెప్పేడు. ఏం పేరు, ఏంటి సంగతి అని అందరూ అడిగేరు. కంప్యూటరు అన్నాను. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

4 అక్టోబరు, ఆదివారం, పొద్దున్న తొమ్మిదిన్నర

కాలేజీ వరండాలో ఉన్నాం. గదిలోకి రాకూడదన్నారు. వరండా సంగతి ఎక్కడా రాయలేదు. కృపమ్మ ఒళ్లో నోట్‌బుక్కు పెట్టుకుని రాస్తోంది. ఆ మిషన్లకి చల్లదనం పోకూడదట, తలుపు ఎప్పుడూ మూసే ఉంచాలట. రత్నం ఆలస్యంగా వచ్చింది. నన్ను చూసింది. చెప్పులు విప్పింది. లోపలికి వెళ్లి తలుపు వెయ్యలేదు. చల్లగాలి వచ్చి నా పాదాల మీద పడింది. కొంతసేపు అలాగే ఉంది. లోపలినించి సూర్యారావు గారు తలుపండీ తలుపు అని కేకేసేరు.

రత్నమే వచ్చి మూసింది. మెల్లిగా మూసింది.