చేదు తెలిసిన ఉగాది

మహబూబాబాద్, ఉగాది, మంగళవారం రాత్రి

పోయిన ఉగాదికి దేశమంతా లాక్‌డౌన్. ఈ ఉగాదికి మా ఒక్క ఇంటికే. కరోనాతో అమ్మ వెనకగదిలో ఉంది. జ్వరం తగ్గింది కానీ నాలుకకు రుచి తిరిగి రాలేదు. ఏం పెట్టినా మట్టి తిన్నట్టుందని కంచం పక్కకు నెట్టేస్తోంది.

అమ్మ వంటింట్లోకి రాకూడదు కాబట్టి ఉగాది పచ్చడి బాపు కలిపాడు. కొద్దిగా వేయాల్సిన వేపపువ్వు దోసెడు వేశాడు. నేను ఒక్క గుక్కకే ఆగిపోయాను. పారబోద్దామంటే "పండుగ పూట పారబోస్తరా" అని, అమ్మ గ్లాసు గడప దగ్గర పెట్టి దూరం జరిగాడు. ఆమెకెలాగూ తెలియదులే అనుకున్నాం.

కాసేపటికి లోపలి నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఏందయ్యా గిది, గింత చేదున్నది? పువ్వంత గుమ్మరిచ్చినవా?"

తిట్లు తిని అంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు. "తీపి గూడ తెలుస్తున్నదా?" అని అడిగాడు బాపు.

"ముందుగాల చేదు పోనియ్యి" అంది.

ఇందాక నాకూ అంటుకుందేమోనని అనుమానం వచ్చింది. నా నాలుక ఎలా ఉందో చూసుకుందామని వంటింట్లోకి వెళ్తే, పచ్చడి గిన్నె ముందు బాపు గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"చేదే ఉన్నది బిడ్డా" అన్నాడు. "నువ్వు గూడ తాగి సూడు."

తాగాను. నాకూ చేదే.