వెనుక గదిలో రెండో పొయ్యి

మంగళవారం, తాండూరు

ఇంటిపన్ను రాయితీ పోయేలా ఉంది, నా నోరు పెగలకపోవడం వల్లే. ఇంట్లో సొంతవాళ్లు మాత్రమే ఉంటేనే అది ఇస్తారు. కంటి ఆపరేషన్ కోసం కుల్కచర్ల నుంచి వచ్చిన మా అమ్మ నీసు ముట్టదు. అందుకే వెనుక గదిలో ఆమెకు వేరే స్టవ్ పెట్టాను. ఇల్లు తనిఖీ చేయడానికి వచ్చిన మున్సిపాలిటీ ఆయన అది చూసి, "రెండు పొయ్యిలా? కిరాయికిచ్చిండ్రన్నట్టు" అని రాసుకుంటుంటే, పరాయి మగవాడని తల వంచుకుని నిలబడ్డాను.

సాయంత్రం మా ఆయన మండిపడ్డాడు. "అది మీ అమ్మ కోసమని ఒక్క మాట చెప్పరాలేదా నీకు?"

అమ్మ విన్నది. "నాతోని మీకు పరేషాన్ ఎందుకు బిడ్డా, పొద్దుగాల బస్సుకు పోత" అంది. ఆపరేషన్ అయిన ఆ కంట్లో చుక్కలు వేయడానికి ఊళ్లో ఎవరూ లేరు.

ఉండమనడానికి కూడా నేను ముందు ఆయన ముఖమే చూశాను. అది గమనించి అమ్మ సంచి సర్దుకుంది.