గాజు దారానికి తెలియని బీట

హులికొండ, ఎమ్మిగనూరు దారి,
ఆగస్టు 1988.

ఆదోని క్యాంపులోని కాలువ సొరంగం ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇంటి గోడ కదులుచున్నదని తమ మీటరు చేత ఒప్పించుట గురించి.

ఈ ఊరి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు దత్తాత్రేయ చేసుకొను మనవి ఏమనగా:

1. మా ఇల్లు కొండ మీద, తమ సొరంగమునకు సరిగ్గా పైన ఉన్నది. పడకగది గోడ బీటవారినది. మొదట్లో ఆ బీటలో అగ్గిపుల్ల పట్టేది. ఇప్పుడు నా చేయి పట్టుచున్నది. కాన్పుకని కోడుమూరు నుండి వచ్చిన మా అమ్మాయి శాంతాబాయి మంచం ఆ గోడ పక్కనే వేయవలసి వచ్చినది. వంటిల్లు తప్ప ఇంట్లో వేరే గది లేదు. బయట ముసురు.

2. కొండ కదిలితే సొరంగంలో బిగించిన గాజు దారం సాగుననియు, దానిలో పోవు వెలుతురులో తేడా వచ్చి మీటరు ముల్లు లేచుననియు తమ సిబ్బంది సెలవిచ్చినారు. ముల్లు లేచినచో మాకు వేరేచోట ఇల్లు ఇత్తురట. ముల్లు లేవలేదు కనుక గోడ బాగున్నదని జవాబు వచ్చినది. బీటలో చేయి పెట్టి చూపించితిని. చేయి లెక్కలోకి రాదన్నారు.

3. వేసవిలో కాలువకు నీరు ఆపినప్పుడు ఆ దారం కట్టినది ఎమ్మిగనూరు నేతగాడు మాదన్న. మగ్గం పని లేక కూలికి వచ్చి మా ఊరిలోనే ఉన్నాడు. గబ్బిలాల కంపుకు ఓర్వలేక తమ సిబ్బంది బయటే నిలబడి కేకలతో పని చేయించినారు. నేను అడిగితే మాదన్న దాపరికం లేకుండా చెప్పినాడు: "బిగదీస్తే దారం తెగుతాది సారూ. పుట్టినకాడ్నుంచి మగ్గం మీద చూస్తాండా. అందుకే కొక్కేనికీ కొక్కేనికీ నడుమ రవ్వంత వదులు పెట్టినా. ఎంత సన్నటి దారమో, పాపం." అతని జాలి గొప్పది. కొండ కదలిక మొత్తం ఆ జాలిలోనే ఇమిడిపోవుచున్నది.

4. ఈ సంగతి తమ సెక్షన్ ఆఫీసరు గారికి విన్నవించగా కూర్చోబెట్టి టీ ఇప్పించినారు. ముల్లు కదలనందున సొరంగం మహా భద్రమని పైకి వ్రాసినారట. మెచ్చుకొనుటకు హైదరాబాదు నుండి పెద్దలు వచ్చుచున్నారట. "ఇప్పుడు బిగిస్తే ముల్లు ఎగుర్తాది పంతులూ. వాళ్లు వచ్చి పోనీ. అంతవరకూ కొండ కదల్లేదు" అన్నారు. ఈ ఉత్తర్వు కొండకు ఎవరు అందజేయుదురో అడుగుటకు నాకు ధైర్యం చాలలేదు. మా అమ్మాయికి నెలలు నిండినవి. కాన్పును వాయిదా వేయు అధికారం నాకు లేదు. అయ్యా, నాకు భయంగా ఉంది.

కావున ఆ దారమును బిగించి, కొండ చెప్పదలచినది చెప్పనిచ్చి, మాకు నిలువ నీడ చూపించవలెనని వేడుకొనుచున్నాను. మాదన్నపై చర్య వద్దు. బిగించమని అతనికి చెప్పినవారు లేరు.

పెద్ద మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దత్తాత్రేయ

మరొక మాట: ఇది కవరులో పెట్టుచుండగా గోడ పడినది. బీట ఇక లేదు కనుక మొదటి ఫిర్యాదు పరిష్కారమైనట్లు వ్రాసుకొనవచ్చును.

మా పిల్ల ఆ టయానికి వంటింట్లో ఉన్నందుకు బతికింది సారూ. బడి తలుపు తీసి ఆడ పడుకోబెట్టినా. ఎవర్నీ అడగలేదు. నొప్పులు మొదలైనాయి. ఈ కాగితం మాదన్న చేతికిచ్చి సైకిల్ మీద పంపుతాండా. ఆదోని ఆస్పత్రికి పోవాల. ముందు జీపు పంపు సారూ, ఇది చదివేది తర్వాత.