పులిగోరలో గోరు లేదు

సెప్టెంబర్ 18, గురువారం

ఉదయం 7.10. టీ తాగుతూ రాస్తున్నాను. ఈ రోజు నుంచి మౌనం!

ఇంట్లో కాదు. ఇంట్లో మౌనం నా వల్ల కాదు, అవసరమూ లేదు. యాప్ వాళ్లతో మౌనం.

సంగతేమిటంటే, నేను ఇంట్లో చేసినవి అమ్ముకునే యాప్‌లో నిన్న సాయంత్రం నా పులిగోర పేస్ట్ బ్లాక్ అయింది. సీసా ఫొటో మీద అడ్డంగా ఎర్ర గీత. కింద కారణం: "వన్యప్రాణి శరీర భాగాలు. పులి గోరు. అమ్మకం నిషిద్ధం."

మళ్లీ మళ్లీ చదివాను. చింతపండు, నువ్వుల పొడి, నూనె, పల్లీలు, ఇంగువ. ఇందులో పులి ఎక్కడ?

మా అమ్మాయి సంజన ఫోన్ లాక్కుని చూసింది.

"అమ్మా, నువ్వు పులిహోర అని కొట్టలే. పులిగోర అని కొట్టినవ్. మిషన్ పులిగోరు అనుకున్నది."

"మనం అనేది గదే కదనే!"

"మనం అంటం. మిషన్‌ది చిక్కడపల్లి కాదు కదా."

పేరు మారుద్దామంటే బ్లాక్ అయినదాన్ని ముట్టుకోనివ్వదు. అదే సరుకు కొత్త పేరుతో పెడితే అకౌంటే మూసేస్తారట. మిగిలింది అప్పీల్. పెట్టాను. మూడు రోజుల్లో మనిషి చూస్తాడు. ఈలోపు మనం ఏ మెసేజ్ పంపినా అప్పీల్ వరుస చివరికి పోతుంది, మళ్లీ మొదటి నుంచి మూడు రోజులు.

అంటే నేను చేయవలసిన పని నోరు మూసుకోవడం. ఇంత సులువైన పనిని ఎవరైనా పాడు చేసుకుంటారా!

మా ఆయన ఉమాకాంత్ పేపర్ దించకుండానే అన్నారు. "నువ్వా?"

ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడరు.

మధ్యాహ్నం. కురుమమ్మకు విషయం చెప్పాను. కురుమమ్మది మహబూబ్‌నగర్ వైపు, ఇక్కడ లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర బస్తీలో ఉంటుంది. మొన్నటిదాకా బిల్డింగ్ పనిలో ఇటుకలు మోసింది. నడుము పట్టేసి, నా దగ్గర వంటకు చేరింది. 30న సద్దుల బతుకమ్మ. ఆ రోజు ప్రతి ఇంట్లో సద్దుల్లోకి పులిగోర ఉండాల్సిందే. అందుకని వెనక గది నిండా సీసాలు పట్టి పెట్టాం. ఇవన్నీ పోతే దసరా తర్వాత కూడా ఆమెకు పని ఉంటుందని మాట ఇచ్చాను. పోకపోతే మళ్లీ ఇటుకలే.

26 లోపు కొరియర్‌కు ఇస్తే పండక్కి అందుతాయి. బోలెడు టైముంది.

"సీసల పులి యాడిదక్కా?" అంది కురుమమ్మ.

"గదే నేను గూడ అడుగుతున్న."

"ఎవర్ని?"

"ఎవర్నీ అడుగొద్దు. గదే రూలు."

సెప్టెంబర్ 19, శుక్రవారం

బ్రహ్మాండంగా ఉంది. పొద్దుటి నుంచి ఒక్క మెసేజ్ లేదు. యాప్ తెరిచి చూశాను, అంతే. చూడటం మెసేజ్ కాదు.

11.00. చూశాను.

11.20. చూశాను.

మధ్యాహ్నం 3.00. ఒక అనుమానం. నేను ఇంత నిశ్శబ్దంగా ఉంటే, ఈమెకు పట్టింపు లేదనుకుంటే? అందుకని ఒక చిన్నది పంపాను: "నమస్కారం. నేను మెసేజ్‌లు పెట్టడం లేదు. మీరు తీరిగ్గా చూడండి."

3.01. "మీ కొత్త సమాచారం అందింది. మీ అప్పీల్ మూడు రోజుల్లో పరిశీలిస్తాం."

మెసేజ్ పెట్టడం లేదని చెప్పడం కూడా మెసేజేనట. ముందే చెప్పాలి కదా! సరే, మంచిదే. ఇది అలవాటు పడటానికి అనుకుందాం. అసలు మౌనం ఇప్పటి నుంచి.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. కింద వాకిట్లో ఆడాం. తంగేడు పూలు మండిపోయే ధర, అయినా తెచ్చాను.

శనివారమంతా మౌనంగా ఉన్నాను. యాప్‌తో. నారాయణగూడ మార్కెట్‌లో కరివేపాకు అమ్మే ఆమెకు, ఆటో డ్రైవర్‌కు, ఆటోలో నా పక్కన కూర్చున్న ఆమెకు మొత్తం కథ చెప్పాను. ఆమె తన స్టాపు దాటి పోయింది. నా తప్పు కాదు.

రాత్రి పడుకోబోయే ముందు పండగ శుభాకాంక్షలు పంపాను. అది అప్పీల్ గురించి కాదు కాబట్టి లెక్కలోకి రాదు. శుభాకాంక్షల కిందే, ఊరికే, పులిగోర ఎలా చేస్తారో కూడా రాశాను. పోపు దగ్గర కాస్త పొడవైంది.

"మీ కొత్త సమాచారం అందింది. మూడు రోజుల్లో..."

పండక్కి కూడా మర్యాద లేదు వీళ్లకు!

సెప్టెంబర్ 23, మంగళవారం

ఉదయం 10.00. యాప్ నుంచి వాళ్లంతట వాళ్లే మెసేజ్! తెరిచాను.

"మీ ఉత్పత్తిలో వాడిన పులి ఏ ప్రాంతానికి చెందినది? తగిన అనుమతి పత్రాలు జతచేయండి."

నీళ్లు తాగాను. బాల్కనీలో నిలబడ్డాను. తులసికి నీళ్లు పోశాను. మళ్లీ నీళ్లు తాగాను. చాలా ప్రశాంతంగా అనిపించింది.

10.15. రాసేశాను:

"అవునండీ, మా వెనక గదిలో పులి ఉంది. రోజూ పొద్దున్నే దాని గోళ్లు కత్తిరించి, నూనెలో వేయించి, సీసాలో నింపుతున్నాం. కావాలంటే తోక కూడా పంపిస్తాం."

10.16. "వివరాలు అందించినందుకు ధన్యవాదాలు. విక్రేత అంగీకారం నమోదైంది. మీ అకౌంట్‌లోని అన్ని ఉత్పత్తులనూ నిలిపివేశాం. తోకకు సంబంధించిన అదనపు వివరాలు తెలపగలరు."

నువ్వుల పొడి పోయింది. కారప్పొడి పోయింది. అప్పడాలు కూడా పోయాయి. అప్పడాలు ఏం చేశాయి?

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి మొత్తం చదివారు. రెండోసారి చదివారు.

"తోక ఎందుకు చెప్పినవ్?"

"ఫ్లోల వచ్చిందండీ."

"గోర్ల కాడ ఆపితే అయిపోతుండె."

భోజనం చేసి పడుకున్నారు.

సెప్టెంబర్ 24, బుధవారం

అకౌంట్ మొత్తం నిలిపేస్తే ఒక ఫోన్ నంబర్ ఇస్తారట. సంజన కనిపెట్టింది. నేరం పెద్దదైతేనే మనిషి దొరుకుతాడన్నమాట. చేశాను. చాలాసేపు సంగీతం. తర్వాత రాజీవ్ అనే అబ్బాయి.

"మేడమ్, రికార్డ్ చూస్తున్నానండీ. అంటే... గోరు లేదంటారు."

"లేదు నాయనా."

"పులి?"

"పులి గూడ లేదు."

"మరి ఉందని రాశారేంటండీ?"

"కోపమొచ్చి రాసిన."

"కోపం అనే ఆప్షన్ లేదండీ ఇందులో."

"నీదే ఊరు బిడ్డా?"

"తణుకండి. మేం పులిహోర అంటామండీ. నిజం చెప్పాలంటే, పులిగోర అంటే నేను కూడా లాకెట్ అనుకున్నాను."

అప్పుడు అర్థమైంది. మిషన్ తప్పు కాదు. అటు నుంచి చూసిన మనిషికి కూడా నేను పులి గోళ్లు అమ్మేదానిలాగే కనిపించాను. మొత్తం విడమరిచి చెప్పాను. ఫోన్‌లోనే నోరూరిందన్నాడు. మంచి పిల్లాడు.

"పైవాళ్లకు నేను రాస్తానండీ. ఒక్క రిక్వెస్టు. మీరు దయచేసి ఏమీ రాయకండి."

"ఒక్క అక్షరం రాయను."

"శుభాకాంక్షలు కూడా వద్దండీ."

చదివినట్టున్నాడు.

సెప్టెంబర్ 26, శుక్రవారం

చెప్పుకుంటే గొప్పలనుకుంటారు గానీ, సాధించాను! బుధవారమే సంజన చేత ఫోన్‌లోంచి యాప్ తీయించేశాను. నిన్నంతా మౌనం. ఇవాళా మౌనం. చేతులు దురద పెట్టినప్పుడల్లా వెనక గదిలోకి పోయి సీసాల మూతలు తుడిచాను. కురుమమ్మ ఇంకో బట్ట తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"అయితదా అక్కా?"

"అయితది. నేను నోరు మూసుకున్న కదా."

ఆమె ఇంకో సీసా అందుకుంది. ఇవాళ కొరియర్‌కు ఆఖరు రోజు. సాయంత్రంలోగా రాజీవే ఫోన్ చేసి చెప్తాడు. రేపు పొద్దున ఇచ్చినా ఊళ్లో వాటికి అందుతాయి.

సెప్టెంబర్ 27, శనివారం

ఫోన్ రాలేదు. యాప్ మళ్లీ వేయించాను. గురువారం పొద్దున వచ్చిన మెసేజ్ ఉంది.

"మీ వివరణతో ఏకీభవిస్తున్నాం. ఉత్పత్తి పేరును 'పులిహోర'గా మారుస్తాం. సమ్మతమైతే 24 గంటల్లో 'సరే' అని జవాబివ్వండి."

దాని కింద శుక్రవారం వచ్చినది.

"విక్రేత స్పందించనందున అప్పీల్ మూసివేశాం."

సరే. రెండక్షరాలు. అడగనప్పుడు పోపు గింజల దాకా రాసినదాన్ని, అడిగినప్పుడు రెండక్షరాలు రాయలేదు.

ఈ పూటకు ఇంతే.

సెప్టెంబర్ 28, ఆదివారం

కురుమమ్మ ఆలస్యంగా వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"మేస్త్రీ తిమ్మయ్య ఫోన్ జేసిండక్కా. గాంధీనగర్‌ల స్లాబు ఏస్తున్నరంట. పండుగ ఎల్లినంక రమ్మంటుండు."

"నువ్వేమన్నవ్?"

"అక్కనడిగి జెప్తా అన్న."

"నడుమో?"

"నడుముకేమైంది. నాతోనే వస్తది."

సీసాల వైపు చూస్తూ అంది. నా వైపు చూడలేదు. చాలాసేపు నాకు మాటలు రాలేదు. ఇంట్లో అందరూ కంగారు పడ్డారు.

సెప్టెంబర్ 29, సోమవారం

ఉదయం 8.00. రాత్రంతా ఆలోచించాను. నా నోటి వల్ల బ్లాక్ అయింది. నోరు మూసుకుంటే అప్పీల్ పోయింది. మూసుకోవాల్సిన చోట మూసుకోలేను కాబట్టి, తెరవాల్సిన చోటికి పోవాలి.

ఆటో మాట్లాడాను. సీసాలన్నీ ఎక్కించాం. నేను, కురుమమ్మ, మధ్యలో సీసాలు.

ముందు అశోక్ నగర్. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు హాస్టళ్ల నిండా ఉంటారు. మొదటి హాస్టల్ మెట్ల మీద ఒక అమ్మాయి పుస్తకంతో కూర్చుంది.

"ఏందాంటీ అది?"

"పులిగోర పేస్ట్ బిడ్డ. అన్నంల కలుపుకుంటే అయిపాయె."

"పులిగోరనా! మా అమ్మ గిట్లనే అంటది!" లోపలికి అరిచింది. "సరితా, జల్ది రావే, పులిగోర వచ్చింది!"

ఎవరూ గోరు అడగలేదు. ఎవరూ అనుమతి పత్రం అడగలేదు.

తర్వాత బర్కత్‌పుర అపార్ట్‌మెంట్లు. కమలాకుమారి గారని ఒక పెద్దావిడ వేలితో రుచి చూసి, "ఉప్పు జర తక్కువైంది" అన్నారు. తక్కువ కాలేదు. ఆమె అయిందన్నారు. నేను కాలేదన్నాను. కురుమమ్మ మెట్ల మీద కూర్చుంది. చివరికి ఆమె కోడళ్లిద్దరికీ, వియ్యపురాలికీ కలిపి తీసుకున్నారు. ఉప్పు మాత్రం తక్కువేనన్నారు.

సాయంత్రం మా చిక్కడపల్లి సందులు. ఆ వేళకు నా గొంతు పోయింది. కురుమమ్మ అందుకుంది. ఇటుకల పని కాడ మూడో అంతస్తుకు వినిపించేలా అరిచిన గొంతు అది. "పులిగో...ర!" అంటే బాల్కనీల్లోకి జనం వచ్చారు.

కొన్ని సీసాలు మిగిలాయి. అవి మా ఇంట్లోకి.

సెప్టెంబర్ 30, మంగళవారం

సద్దుల బతుకమ్మ. గొంతు ఇంకా రాలేదు. ఇల్లంతా హాయిగా ఉందని సంజన అంటోంది.

నిన్న మొదట ఆగిన అశోక్ నగర్ హాస్టల్ నుంచి పొద్దున్నే ఫోన్. నెలనెలా కావాలట, వంటామెను ఒప్పించారట. నేను సైగ చేస్తే సంజన మాట్లాడింది. కురుమమ్మ పక్కనే ఉండి మొత్తం విన్నది. తర్వాత తన ఫోన్ తీసి నా ముందే మేస్త్రీకి కలిపింది.

"తిమ్మన్నా, నేను రాను. ఆ, ఈడనే పనున్నది... ఏం పనంటే, పులిగోర్లు జేస్తున్న."

అవతల ఏమన్నాడో తెలియదు.

"అమ్ముతున్నం గూడ," అని పెట్టేసింది.

మధ్యాహ్నం 2.30. కొత్త అప్పీల్ పెట్టాను. పులిహోర అనే రాశాను, హ తో. సంక్షిప్తంగా, మర్యాదగా. ఇక మూడు రోజులు మౌనం. ఈసారి గట్టిగా. వాళ్లు అడిగితేనే జవాబు, అదీ రెండక్షరాలు మించకుండా. ఎలాగూ గొంతు లేదు, మంచి శకునం!

2.32. యాప్ నుంచి ఏదో వచ్చింది.

"మా సేవలపై మీ అనుభవాన్ని కొద్ది మాటల్లో తెలపండి."

కింద ఖాళీ డబ్బా. సర్వే అట. సర్వే మెసేజ్ కిందికి రాదనుకుంటా. పైగా వాళ్లే అడిగారు.

2.35. కళ్లద్దాలు తెచ్చుకున్నాను. మౌనం రేపటి నుంచి.